పాట పక్కన కూర్చుంటే సరే

ముప్పై సెకన్ల ప్రకటన. తెర మీద పాత మండువా ఇల్లు, వసారాలో వాలుకుర్చీ. వెనక వేణువు మీద నాలుగు స్వరాలు. ఆ నాలుగు స్వరాలు చాలు, నలభై అయిదు దాటినవాళ్లు వంటింట్లో ఉన్నా, పేపరు చదువుకుంటున్నా తల తిప్పి చూస్తారు. పల్లవి మొదటి పాదానికి కూతురు గుమ్మంలో అడుగు పెడుతుంది. రెండో పాదానికి తల్లి ఎర్ర మఖమలు పెట్టె మూత తీస్తుంది. ఆ పాదం పూర్తి కాకముందే పాట గొంతు తగ్గించేసి ఓ గంభీరమైన మగ గొంతు పైకి లేస్తుంది: తరుగు ఇంతే, మజూరీ అంతే, ఈ ఆఫర్ అక్షయ తృతీయ దాకా. చరణానికి ముందు వీణ పలకాల్సిన చోట దుకాణం పేరు పలుకుతుంది. ఫలానా దుకాణమని చెప్పక్కర్లేదు. నగలు పోయి అపార్ట్‌మెంటు వచ్చినా, పట్టుచీర పోయి కాఫీపొడి వచ్చినా అచ్చు ఇదే. యౌవనంలో ప్రాణంగా విన్న పాట ఇలా వినిపించగానే చాలామందికి ఒళ్లు మండుతుంది. ఆ మంట న్యాయమైనదేనని నా వాదన. దానికి మనం మామూలుగా చెప్పుకునే కారణం మాత్రం నిలబడదు.

పవిత్రమైన పాటను తెచ్చి అంగట్లో పెట్టారని కదా మన ఫిర్యాదు. సినిమా పాట అంగడి బయట ఎప్పుడుంది గనక? నిర్మాత డబ్బిచ్చి రాయించాడు, టికెట్లు తెగుతాయని పెట్టాడు. రికార్డు కంపెనీ అచ్చేసి అమ్ముకుంది. హాలు బయట పాటల పుస్తకం పైసలకు దొరికేది. పాటలో హీరోయిన్ కట్టిన చీర నెల తిరక్కుండా సినిమా పేరుతోనే బట్టల కొట్లలో వేలాడేది. డబ్బు ముట్టని పాటే కావాలంటే జానపదం దగ్గరికి పోవాలి. దాన్ని కూడా సినిమావాళ్లు ఎత్తుకొచ్చి ఎన్నోసార్లు సొమ్ము చేసుకున్నారు. కనక అమ్మకం అన్న మాట పట్టుకుని పాటను వెనకేసుకొస్తే, ఎదుటివాడు నవ్వి ఊరుకుంటాడు. అమ్ముడుపోవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం.

ఇంకా చెప్పాలంటే, ఆ పాటలు ఇళ్లలోకి వచ్చిందే ప్రకటనల పుణ్యాన. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో వాటికి చోటు కరువైంది. శ్రోతలు ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. ఆ ఏడాది చివర్లోనే అక్కడ బినాకా గీత్‌మాలా మొదలైంది. బినాకా అంటే టూత్‌పేస్టు. దేశంలో సగం మంది బుధవారం సాయంత్రం అమీన్ సయానీ గొంతు కోసం కాచుకుని కూర్చున్నది ఓ టూత్‌పేస్టు ఖర్చు మీద. తర్వాత ఆ పేస్టు పేరు సిబాకాగా మారితే కార్యక్రమం పేరూ దాంతోపాటే మారింది. సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షి పొన్నుదురై గొంతు విన్న తరం ఇప్పటికీ మన మధ్య ఉంది. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి దిగొచ్చి వివిధభారతి పెట్టింది. 1967లో అందులో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాయి. 1976 జనవరి 1 నుంచి దూరదర్శన్‌లోనూ వచ్చాయి. పాటకు ముందొక సబ్బు, వెనకొక తలనొప్పి మాత్ర. ఎవరూ నొచ్చుకోలేదు సరికదా, ఆ సబ్బు పాటనూ పిల్లలు కంఠతా పట్టారు.

మరి అప్పుడు రాని కోపం ఇప్పుడెందుకు వస్తోంది? అప్పటి సరుకు పాట పక్కన కూర్చుంది. తన పేరు చెప్పుకుంది, తన డబ్బు పెట్టింది, ఆపైన నోరు మూసుకుని పాటను పాడనిచ్చింది. ఇప్పటి సరుకు పాట లోపలికి దిగి కూర్చుంటోంది. అభ్యంతరమంతా అది కూర్చున్న చోటు గురించే. టూత్‌పేస్టు ఎన్నడూ ఈ పాట నా గురించేనని అనలేదు. నగల పెట్టె ఆ మాటే అంటోంది.

లోపలికి దిగిన సరుకు ముందుగా చేసే పని కోత. తెలుగు సినిమా పాటలో పల్లవి ఒక మాట అని ఊరుకుంటుంది. ఎందుకలా అందో చరణం చెబుతుంది. చరణం ముగిసి మళ్లీ పల్లవి ఎత్తుకున్నప్పుడు అవే మాటలు ఇంకో బరువుతో వినిపిస్తాయి. పల్లవిని ఇంట్లో మాట్లాడుకునే మాటలా మొదలుపెట్టి చరణంలో గుండె మీద చెయ్యి వెయ్యడం ఆత్రేయకు బాగా తెలిసిన విద్య. ప్రకటనకు చరణం దాకా వెళ్లే తీరిక లేదు. పల్లవిలోని తీపి ఒక్కటీ తుంచుకుని, ఆ తీపికి కారణమైన దుఃఖాన్నో సందేహాన్నో అక్కడే వదిలేస్తుంది. రెండో పని, పాటకు చిరునామా రాసెయ్యడం. పాటలో పిలుపు ఎవరికో సినిమా చెప్పినా, విన్నవాళ్లు దాన్ని అంతటితో వదల్లేదు. ఒకరికి అది చెప్పుకోలేకపోయిన ప్రేమ, ఇంకొకరికి పెళ్లై దూరంగా వెళ్లిపోయిన అక్క, మరొకరికి హాస్టల్ గదిలో ఖాళీ సాయంత్రం. ప్రకటన వచ్చి ఆ పిలుపును ఇరవై రెండు క్యారట్ల హారం మీద అంటిస్తుంది. మూడోది మోత. శ్రోతలు కోరిన పాటల్లో ఆ పాట వస్తుందో రాదోనని వారాల తరబడి చెవులు రిక్కించినవాళ్లకు, ఇప్పుడది క్రికెట్ మ్యాచ్‌లో ఓవరు ఓవరుకీ వినిపిస్తుంది. అరుదుగా దొరికినందుకు విలువైన వస్తువును ఇలా విసుగొచ్చేదాకా వడ్డిస్తారు.

ఇంతకీ యౌవనకాలపు పాటలనే ఎందుకు ఏరుకుంటారు? అది గాలివాటం ఎంపిక కాదు. మోరిస్ హోల్‌బ్రుక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు మార్కెటింగ్ ఆచార్యులు అమెరికాలో 1989లో ఒక పరిశీలన ప్రచురించారు. 1932 నుంచి 1986 దాకా జనం నోళ్లలో నలిగిన 28 పాటల ముక్కలను వేర్వేరు వయసులవాళ్లకు వినిపించి, ఏది ఎంత నచ్చిందో అడిగారు. సగటున చూస్తే, తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లున్నప్పుడు వచ్చిన పాటల మీదే జనానికి అన్నిటికన్నా ఎక్కువ ఇష్టమని తేలింది. ఈ సంగతి సంగీత పత్రికలో రాలేదు, కొనుగోలుదారుల మనస్తత్వాన్ని చర్చించే పత్రికలో వచ్చింది. ఇరవై నాలుగేళ్లప్పుడు జేబులో చిల్లర లేనివాడు పాట మీద ప్రాణం పెట్టుకున్నాడు. యాభైకి వచ్చేసరికి అతనికి ఫ్లాటు కొనే తాహతు వచ్చింది. ఆ రెండు వయసుల మధ్య తిరిగే దారి పాట ఒక్కటే. కంపెనీ లైసెన్సు రుసుము కట్టేది హక్కుదారుకే, అందులో తప్పులేదు. కానీ ఆ పాటను ఎవరూ విని ఉండకపోతే ఎవరైనా అంత ధర పెడతారా? ధరలో పెద్ద భాగం, లక్షలమంది దాని చుట్టూ పోగేసుకున్న ఏళ్లది. ఆ ఏళ్లు ఎవరి సొంతమో వాళ్లను అడిగినవాళ్లు లేరు.

కంపెనీలు రాగం కోసం రావడం లేదనడానికి టామ్ వెయిట్స్ దావా మంచి సాక్ష్యం. ఈ అమెరికా గాయకుడు ప్రకటనలకు పాడనని భీష్మించుకున్నవాడు. 1988లో ఫ్రీటో-లే అనే చిప్స్ కంపెనీ ప్రకటన కోసం, అతని బొంగురు గొంతును అచ్చుగుద్దినట్టు దించగల ఇంకో గాయకుడితో పాడించారు. వెయిట్స్ కోర్టుకెక్కాడు, గెలిచాడు. 1992లో అప్పీలు కోర్టు కూడా గొంతును కాజేయడం తప్పేనంది. అతనికి రావాల్సిన పరిహారం ఇరవై లక్షల డాలర్లు దాటింది. కావలసింది రాగమే అయితే కొత్తది కట్టించుకోవచ్చు. వాళ్లకు కావలసింది ఆ గొంతు మీద జనం పెట్టుకున్న నమ్మకం. ఇవాళ అనుకరణకు ఇంకో గాయకుడితోనూ పని లేదు. 2020లో కన్నుమూసిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో పుట్టించి ‘కీడా కోలా’ సినిమాలో అనుమతి లేకుండా వాడారంటూ 2024లో ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. అక్కడ వాడింది సినిమాలోనే. ప్రకటనల గుమ్మం దాకా రావడానికి మాత్రం దానికి ఎంతో దూరం లేదు.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా విన్నవాళ్ల మనసు ఎందుకు ఒప్పుకోదో 1987 నాటి నైకీ ప్రకటన చెబుతుంది. ఎయిర్ మ్యాక్స్ బూట్ల కోసం బీటిల్స్ పాడిన ‘రెవల్యూషన్’ రికార్డునే వాడుకున్నారు. జాన్ లెనన్ దాన్ని రాసింది 1968లో, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వీధులు రగులుతున్న రోజుల్లో. లోకం మారాలంటూనే, విధ్వంసానికి దిగేవాళ్లతో కలిసి రాలేనని సందేహపడిన పాట అది. అప్పట్లో కుర్ర విప్లవకారులకు నచ్చక వాదులాటకు దారితీసింది. పాట ప్రచురణ హక్కులున్న జాబితాను 1985లో మైకేల్ జాక్సన్ నాలుగు కోట్ల డెబ్బై అయిదు లక్షల డాలర్లకు కొనేశాడు. నైకీ రుసుము కట్టింది, అనుమతులు తెచ్చుకుంది. లెనన్ భార్య యోకో ఓనో కూడా కాదనలేదు. అయినా బీటిల్స్ సొంత సంస్థ ఆపిల్ కోటిన్నర డాలర్లకు దావా వేసింది. చివరికి కోర్టు బయట రాజీ అయింది. హక్కులెవరివన్న తగాదా అలా తేలిపోయింది. శ్రోత తగాదా వేరు: లోకం ఎలా మారాలన్న ప్రశ్నతో ఇరవై ఏళ్లు మోగిన పాటకు బూట్లు మార్చుకోమని జవాబొచ్చింది. జానిస్ జాప్లిన్ పాట గతి ఇంకా విచిత్రం. 1970 అక్టోబరు 1న ఆమె వాద్యాలేవీ లేకుండా ‘మెర్సిడెస్ బెంజ్’ రికార్డు చేసింది. మూడు రోజులకే చనిపోయింది. ఖరీదైన కారు ఇప్పించమని దేవుణ్ణి వేడుకుంటున్నట్టు నటిస్తూ, వస్తువుల మీద జనానికున్న యావను వెక్కిరించిన పాట అది. 1995లో ఆ కార్ల కంపెనీయే దాన్ని తన ప్రకటనలో పెట్టుకుంది. వెక్కిరింత ఆవిరైపోయి వేడికోలు ఒక్కటే మిగిలింది.

ఇక్కడ ఎదురయ్యే ప్రశ్నల్లో బలమైనది, ప్రకటన పాటను బతికించదా అన్నది. బతికించిన సందర్భం ఉంది. నిక్ డ్రేక్ అనే ఇంగ్లిష్ గాయకుడి ‘పింక్ మూన్’ 1972లో వచ్చినప్పుడు పట్టించుకున్నవాళ్లు బహు తక్కువ. అతను 1974లో ఇరవై ఆరేళ్లకే పోయాడు. పాతికేళ్ల తర్వాత ఫోక్స్‌వ్యాగన్ ఆ పాటను ఒక కారు ప్రకటనలో వాడింది. నలుగురు కుర్రవాళ్లు వెన్నెల్లో టాపు తీసిన కారులో పోతుంటారు, ఒక పార్టీ జరిగే ఇంటి ముందు ఆగుతారు, లోపలి గోల చూసి మొహమొహాలు చూసుకుని మళ్లీ రోడ్డెక్కుతారు. పాట మీద పడి అరిచే గొంతు లేదు. అంతకుముందెన్నడూ లేనంతగా డ్రేక్ రికార్డులు అమ్ముడుపోయాయి. ఇది నా వాదనకు అడ్డు వచ్చేలా కనిపిస్తుంది గానీ, నిజానికి దాన్ని గట్టి చేస్తుంది. చూసినవాళ్లలో ఎక్కువమందికి అది కొత్త పాట. ఎవరి జ్ఞాపకంలోకీ చొరబడలేదు, ఎవరి చిరునామానూ కొట్టెయ్యలేదు. కారు దాని పక్కన కూర్చుని విన్నది. విన్నవాళ్లు మిగతా పాట కోసం దుకాణాలకు వెళ్లారు. మన టీవీలో వినిపించే పాత పాటలు మాత్రం ఎవరో వచ్చి బతికించాల్సిన స్థితిలో లేవు. బతికి ఉన్నాయి కాబట్టే వాటి వెంట పడుతున్నారు.

రెండో ప్రశ్న మన గుమ్మం ముందుది. సినిమా పాటను మనమేమైనా తక్కువ వాడుకున్నామా? అయ్యప్ప మాలధారులు పీఠం ముందు పాడే భజనల్లో, వినాయక చవితి పందిళ్లలో సినిమా వరసలే వినిపిస్తాయి. ఎన్నికలొస్తే ప్రచార జీపు మీద ప్రేమగీతం కాస్తా అభ్యర్థి స్తోత్రమైపోతుంది. కాలేజీ పిల్లలు కట్టే పేరడీలకు లెక్కే లేదు. అక్కడ రాని పౌరుషం నగల దగ్గరే ఎందుకని అడగవచ్చు. పేరడీ తాను పేరడీనని చెప్పుకునే వస్తుంది. భజన కట్టినవాడు మాటలు తనవి రాసుకుంటాడు, గొంతు తనది పెడతాడు, తాళం తప్పినా తనే పాడతాడు. అసలు పాట ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ప్రకటన అసలు గొంతునే, అసలు వాద్యాలతో తెచ్చి, ఏమీ మారనట్టు వినిపిస్తూ అర్థం మార్చేస్తుంది. అయితే ఇందులో మన వంతు పాపం లేకపోలేదు. ఫోను చేసినవాడికి పల్లవి ముక్క వినిపించే కాలర్ ట్యూన్లకు నెలనెలా డబ్బు కట్టింది మనమే. పాట అంటే ముప్పై సెకన్లేనని వ్యాపారికి నేర్పినవాళ్లలో శ్రోతలూ ఉన్నారు. బొంబాయిలో పాత హిందీ పాట మీద తీసిన ప్రకటనకు తెలుగు మాటలు ఇరికించి మన ఛానళ్లలో వేస్తే, ఎవరిదో జ్ఞాపకాన్ని మనకు అరువిచ్చినట్టు ఉండే ఆ అవకతవకను కూడా కిమ్మనకుండా విన్నాం.

చట్టం సంగతికొస్తే అందులో శ్రోతకు చోటు లేదు. ఉండాలనీ నేననను. 1977లో సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సినిమా పాట మీద హక్కు అతనిదేనని తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ గాయకుడి గొంతుకు చట్టంలో రక్షణ లేకపోవడం మీద తన విచారం విడిగా రాశారు. 1994 సవరణతో గాయకులకు కొన్ని హక్కులు వచ్చాయి. 2012 సవరణతో, సినిమా హాలు దాటి పాటను వాడిన చోటల్లా రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటా దక్కాలని నియమం ఏర్పడింది. కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కి, హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా తన పేరుకు మచ్చ తెచ్చేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే అధికారం రచయితకు ఉంచింది. ఇవన్నీ కావలసినవే. జీవితమంతా పాటలు రాసి చివరికి అద్దె ఇంట్లో పోయిన కవుల కుటుంబాలకు ప్రకటన డబ్బు వస్తుంటే కాదనడానికి మనమెవరం? నిషేధం అడిగితే ఆ కుటుంబాల కడుపు కొట్టినట్టు. విన్నవాళ్లందరికీ అనుమతి హక్కు ఇస్తే ఏ పాటా ఎక్కడా కదలదు. నేననేది మర్యాద గురించి. చట్టం ఒప్పుకున్న పనులన్నీ మర్యాదైన పనులు కావు, ఆ తేడా ఎత్తి చూపడానికి కోర్టు దాకా పోనక్కర్లేదు.

మర్యాదగా చేసినవాళ్లూ ఉన్నారు. 1954 నాటి హిందీ సినిమా ‘పహిలీ తారీఖ్’లో సుధీర్ ఫడ్కే బాణీకి కిశోర్ కుమార్ జీతాల రోజు సంబరాన్ని పాడాడు. ఆ పాటను రేడియో సిలోన్ ప్రతినెలా ఒకటో తారీఖున వేసేది. చాలా ఏళ్ల తర్వాత క్యాడ్‌బరీ చాకొలెట్ దాన్ని కాస్త మాటలు మార్చి వాడుకుంది. పాట మొదటినుంచీ జీతం చేతికొచ్చిన రోజు సరదా గురించే కనక చాకొలెట్ అందులో ఎవరి చోటూ ఆక్రమించలేదు. ఇంతకన్నా గౌరవమైన దారి, కొత్త పాట కట్టించుకోవడం. రోజా సినిమాకు ముందు ఎ.ఆర్. రెహ్మాన్ చేయి తిరిగింది ప్రకటనల సంగీతంలోనే, లియో కాఫీ ప్రకటనతో సహా. 2002లో ఎయిర్‌టెల్ కోసం ఆయన కట్టిన చిన్న బాణీని దేశమంతా ఫోన్లలో పెట్టుకుంది. నిర్మా సబ్బుపొడి ప్రకటన పాట విని పెరిగిన తరానికి ఆ పాట పాత సినిమా పాటలతో సమానంగా గుర్తుంది. ప్రకటన అనేది సంగీతానికి పుట్టిల్లు కాగలదని ఇవన్నీ రుజువు చేశాయి. చేతనైన పని మానేసి, అప్పటికే పేరు పడ్డ పాటను పట్టుకొచ్చి వాడుకోవడం సోమరితనం. దానికి నోస్టాల్జియా అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

కాబట్టి పాత పాటను వాడుకున్న ఏ ప్రకటననైనా తూచడానికి నాకు ఒకే ప్రశ్న చాలుననిపిస్తుంది. అది అయిపోయాక మిగతా పాట వినాలనిపించిందా, లేక ఆ పాట ఇంకెక్కడ వినిపించినా దుకాణమే గుర్తుకొస్తోందా? మొదటిదైతే ఆ కంపెనీ బినాకా లాగా పక్కన కూర్చుంది, దాని డబ్బుతో పాట ఇంకొన్నాళ్లు తిరుగుతుంది, సంతోషం. రెండోదైతే లైసెన్సు కాగితాలు ఎంత పక్కాగా ఉన్నా బాకీ ఉన్నట్టే. ఆ బాకీ వసూలు చేసే అమీనా ఎవడూ రాడు. ఆ పని మన చేతుల మీదే జరగాలి. రిమోట్ పట్టుకున్న చెయ్యీ, నగల దుకాణంలో పర్సు తీసే చెయ్యీ ఒకే మనిషివి కదా. ప్రకటన తీసేవాళ్లు రెండో చెయ్యి మీదే కన్నేశారు గనక, మొదటి చేతికి వాళ్లు తప్పక జవాబు చెబుతారు.